బందరు నుంచి బయల్దేరినవి

బందరు అనగానే తెలుగువాళ్లలో చాలామంది నోట మొదట వచ్చేది లడ్డు. కొందరు కలంకారీ అంటారు, కొందరు రోల్డుగోల్డు నగలంటారు. కృష్ణా జిల్లా ముఖ్యపట్టణమైన మచిలీపట్నానికి ఈ మూడింటి పేరూ న్యాయంగా వచ్చిందే. అయితే ఈ ఊరి చరిత్రలో ఇంకో సంగతి ఉంది. ఇక్కడ మొదలైనవి చాలావరకు ఇక్కడ ఆగలేదు. గుడ్డ సముద్రాలు దాటింది, వర్తకం మద్రాసు దారి పట్టింది, బ్యాంకు హైదరాబాదు చేరింది, సినిమా చూపించిన మనిషి బర్మా దాకా వెళ్లాడు. వెళ్లినచోట అవి పెద్దవయ్యాయి, ఊరి పేరు మాత్రం వెనకబడింది. ఆ పేరును మళ్లీ ముందుకు తెచ్చి కొన్ని విశేషాలు చెప్పాలని ఈ ప్రయత్నం.

రోడ్డు విజయవాడది, పేరు బందరుది

విజయవాడ నడిబొడ్డున ఉన్న మహాత్మాగాంధీ రోడ్డు పేరు చెప్పి ఆటో అడిగితే, డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి "బందరు రోడ్డా అండీ?" అంటాడు. బోర్డుల మీద ఎన్నేళ్ల నుంచి ఏ పేరున్నా జనం నోట ఉన్నది అదే. నగరం గుండా సాగే బందరు కాలువదీ అదే కథ. కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా అంతటా కాలువలు పారాయి. వాటి మీద పడవలు కూడా నడిచేవి. బస్సులూ లారీలూ లేని ఆ రోజుల్లో ధాన్యమూ మనుషులూ నీటిదారినే బెజవాడకూ బందరుకూ మధ్య తిరిగారు.

రోకలి చేసే మిఠాయి

బూందీ లడ్డు ఎక్కడైనా దొరుకుతుంది. బందరు లడ్డులో బూందీ కనిపించదు, ఎందుకంటే దాన్ని దంచేస్తారు. శనగపిండిని జారుగా కలిపి, చట్రం గుండా పూసలా దించి వేయించి, ఆ పూసను దంచి పొడి చేసి జల్లెడ పడతారు. ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి మళ్లీ రోట్లో వేసి, నెయ్యి పోస్తూ రోకలితో దంచుతారు. అసలు పని ఈ రెండోసారి దంచడంలోనే ఉంది. పిండీ పాకమూ నెయ్యీ వేరువేరుగా తెలియనంతగా ఒక్కటైతేనే నోట్లో వేసుకోగానే కరుగుతుంది. దంపు తగ్గితే నాలుకకు రవ్వ తగులుతుంది. తొక్కుడు లడ్డు అని దీన్ని పిలిచేది అందుకే. ఏలకుల పొడి, జీడిపప్పు చేర్చి ఉండ కడతారు.

ఈ మిఠాయిని బుందేల్‌ఖండ్ వైపు నుంచి వలస వచ్చిన బొందిలీలు తెచ్చారని ఊళ్లో చెప్పుకుంటారు. ఎవరు తెచ్చినా దాన్ని ఇంత మెత్తగా తీర్చిదిద్దింది బందరు చేతులే. 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

లడ్డు పేరు మాటున నలిగిపోయింది ఇక్కడి నల్ల హల్వా. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీసి, బెల్లంతో నేతితో గంటల తరబడి పొయ్యి మీద కలుపుతూనే ఉండాలి. గరిటె ఆపితే అడుగంటుతుంది. ముదురు రంగు బెల్లం వల్ల, సుదీర్ఘమైన ఆ కాపు వల్ల వస్తుంది. నన్నడిగితే లడ్డుకెంత పేరుందో హల్వాకూ అంత పేరు రావాలి. బందరు వెళ్లినవాళ్లు రెండూ కట్టించుకోవాలి.

తానీషా దారిలో కూచిపూడి

క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లోనే గ్రీకు రచనలు ఈ తీరాన్ని మసాలియా, మైసోలియా అని పేర్కొన్నాయి. ఇక్కడ పుష్కలంగా నేత బట్ట తయారవుతుందని అప్పుడే రాశారు. ఆ మాటలు మచిలీపట్నం ప్రాంతానికే వర్తిస్తాయని చరిత్రకారులు చెబుతారు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఊరి దశ తిరిగింది. రాజధాని రాళ్ల గుట్టల నడుమ ఉన్నా రాజ్యానికి సముద్రద్వారం బందరే. ఇక్కడి ఓడలు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కూ, ఎర్రసముద్రపు మోఖాకూ, తూర్పున బర్మా, సయాం, సుమత్రా తీరాలకూ వెళ్లేవి. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకులు ఊళ్లోనే కాపురం పెట్టారు. చివరి సుల్తాను తానీషా బందరు పర్యటనకు వస్తూ దారిలో కూచిపూడిలో ఆగి, భాగవతుల ఆట చూసి మెచ్చి, ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడన్నది కూచిపూడివారు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. నాట్యానికి ఒక ఊరే నెలవుగా నిలిచిందంటే అందులో బందరు దారికీ కాస్త పాలుంది.

ముగ్గురు దొరల పేటలు

వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. బందరులో ఈనాటికీ ఉత్తరాల మీద రాసే చిరునామాలివి. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఎక్కడెక్కడ మకాం పెట్టారో పేటల పేర్లే చెప్పేస్తాయి. మొదట వచ్చింది 1605లో డచ్చివాళ్లు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఊళ్లో ఉన్నాయి. పదిహేడో శతాబ్దపు పలకల మీద వంశచిహ్నాలూ అక్షరాలూ శ్రద్ధగా చెక్కి ఉంటాయి. ఎక్కడో చలిదేశంలో పుట్టి ఈ ఉప్పుగాలిలో కన్నుమూసిన వర్తకులు వాళ్లు. బందరు వెళ్లినవాళ్లు ఎక్కువమంది అటు తొంగి చూడకుండానే వచ్చేస్తారు.

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ వచ్చింది. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ల తొలి వర్తక స్థావరం వెలిసింది బందరులోనే. అప్పటికి మద్రాసు లేదు, కలకత్తా లేదు, బొంబాయి ఇంగ్లీషువాళ్ల చేతికి రావడానికి ఇంకా అర్ధశతాబ్దం ఉంది.

మద్రాసుకు మూలం

మద్రాసు పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఫ్రాన్సిస్ డే పేరు వస్తుంది. ఆయనతో పాటు నిలబడిన ఆండ్రూ కోగన్ అప్పుడు బందరు స్థావరానికి పెద్ద. స్థలం చూసింది డే అయితే, బందరు పెద్ద హోదాలో ఆ ఆలోచనకు అండగా నిలిచి, 1640లో తానే అక్కడికి వెళ్లి సెయింట్ జార్జి కోట పనికి పూనుకున్నది కోగన్. దుబాసీగా వెంట ఉన్నది బేరి తిమ్మప్ప అనే తెలుగువాడు. దాంతో కంపెనీ పెద్దరికం మెల్లగా దక్షిణానికి జరిగింది. బందరు అనుభవం లేకపోతే మద్రాసు అప్పుడు, అలా పుట్టేది కాదని నా నమ్మకం.

ఉడికితే గాని కనిపించని ఎరుపు

ఇక గుడ్డ సంగతి. బందరు కలంకారీ అని ప్రపంచం పిలిచేదానికి ఇప్పుడు గుండెకాయ పక్కనే ఉన్న పెడన. శ్రీకాళహస్తి కలంకారీలో చిత్రకారుడు కలంతో బొమ్మ గీస్తాడు. రామాయణ భారత కథలు, దేవతలు అందులో కనిపిస్తారు. బందరుది అచ్చుల పని. టేకు చెక్క మీద చెక్కిన అచ్చులతో పువ్వులు, తీగలు, చిలకలు, నెమళ్లు, సరుగుడు పోలిన పారశీక చెట్లు అద్దుతారు. కొనేవాళ్లు ఇరాన్ వాళ్లు కావడంతో వాళ్ల తోటలు మన గుడ్డ మీద పూశాయి. నమాజు చేసేటప్పుడు పరుచుకునే గుడ్డలూ, గోడలకు వేలాడదీసే తెరలూ ఇక్కడి నుంచే వెళ్లాయి.

పని తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ముడిగుడ్డను పేడనీళ్లలో నానబెట్టి, కాలువలో ఉతికి, ఎండలో ఆరేస్తారు. తర్వాత కరక్కాయ నీళ్లలో ముంచుతారు. నలుపు కోసం రంగు కొనరు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లను అచ్చుతో అద్దగానే గుడ్డకు పట్టిన కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి అక్కడికక్కడ నలుపు పుడుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. అద్దేది పటిక నీళ్లు. వాటికి సొంత రంగు లేదు కాబట్టి ఎక్కడ అద్దారో తెలియడానికి కాస్త రంగు కలుపుతారు. ఆ గుడ్డను పారే నీటిలో జాడించి, పెద్ద రాగి గుండిగలో ఎరుపునిచ్చే వేళ్లతో, చెక్కలతో ఉడకబెడితే, పటిక అంటినచోట మాత్రమే ఎరుపు పట్టుకుని నిలుస్తుంది. మిగతాచోట్ల అంటిన రంగు ఉతుకులకూ ఎండకూ విడిచిపోతుంది. నీలం కావాలంటే, వద్దన్నచోటల్లా మైనం పూసి నీలిమందులో ముంచుతారు. పసుపు చివరికి వస్తుంది.

పూర్వం ఈ ఎరుపుకు ఆధారం చిరివేరు. కృష్ణ ముఖద్వారం దగ్గరి ఇసుక నేలల్లో, నిజాంపట్నం వైపు పెరిగిన వేరుకు దేశదేశాల్లో గిరాకీ. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఈ తీరానికి ఎగబడడానికి ఆ ఎరుపు ఒక ముఖ్యమైన కారణం. ఐరోపాలో అప్పటికి నూలుగుడ్డ మీద ఉతికినా వెలవని రంగు అద్దడం చేతకాలేదు. మన అద్దకంవాళ్లకు ఆ విద్య వెన్నతో పెట్టింది.

ఈ గుడ్డ అక్కడ ఎంత కలకలం రేపిందంటే ప్రభుత్వాలు చట్టాలు చేశాయి. 1686లో ఫ్రాన్సు అద్దకం గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని కట్టడి చేసింది, 1721లో కట్టుకోవడాన్నీ వాడడాన్నీ తప్పన్నది. 1719లో లండన్‌లో నేతగాళ్లు వీధుల్లోకి వచ్చి, ఈ గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు. కోరమాండల్ తీరంలో కాలువ ఒడ్డున కూర్చుని అద్దకం చేసిన మనిషికి తన పని అంత దూరాన అంత గొడవ తెచ్చిందని తెలిసే దారే లేదు. ఫ్రాన్సు ఆ నిషేధం ఎత్తేసింది 1759లో. సరిగ్గా అదే ఏడు ఏప్రిల్‌లో బందరు కోట ఫ్రెంచివాళ్ల చేతి నుంచి ఇంగ్లీషువాళ్లకు పోయింది. గుడ్డ కట్టుకోవడానికి వీలు చిక్కిన ఏడే గుడ్డ దొరికే ఊరు చేజారింది!

ఇంగ్లండు మిల్లులు చవక గుడ్డను కుమ్మరించాక అద్దకం దాదాపు అడుగంటింది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు పూనుకుని కలంకారీకి ఊపిరి పోశారు. ఇప్పుడు మరో గండం. స్క్రీన్ మీద గీకిన రసాయనపు రంగుల గుడ్డ కూడా కలంకారీ పేరుతోనే అమ్ముడవుతోంది. కొనేవాళ్లు ఒక పని చేయవచ్చు. గుడ్డను వెలుతురులో పట్టుకుని డిజైను మళ్లీమళ్లీ వచ్చేచోట చూడండి. చేతి అచ్చయితే ఒక అచ్చుకూ మరో అచ్చుకూ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడాతో దొరుకుతుంది. ఆ తేడాను లోపమనుకుని బేరమాడకండి. మీరు ఇచ్చే డబ్బు దానికే.

ఇంకో మాట. ఈ పనికి పారే నీరు కావాలి, ఎండ కావాలి. కాలువ కట్టేసిన రోజుల్లో, ముసురు పట్టిన రోజుల్లో పని కుంటుపడుతుంది. పెడన గుడ్డ ఆలస్యంగా వచ్చిందంటే చాలాసార్లు తప్పు మనుషులది కాదు.

1864 నవంబరు 1

ఆ రాత్రి తుపానుతో పాటు సముద్రం ఊరి మీదికి వచ్చింది. పదమూడు అడుగుల ఎత్తున ఉప్పెన. సుమారు 30,000 మంది చనిపోయారు. అంతకు ముందే రేవు దెబ్బతిని ఉంది. తీరం దగ్గర లోతు లేక పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఎక్కించాల్సి వచ్చేది. ఉప్పెన తర్వాత ఊరు పాత స్థితికి రాలేదు. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమను ముంచిన ఉప్పెన గుర్తున్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ తీరంలో మేఘం నల్లబడితే పెద్దవాళ్ల మొహాలు ఎందుకు మారతాయో వాళ్లనడిగితే చెబుతారు.

లక్ష రూపాయల మూలధనం

భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో వైద్యం చేసుకునే డాక్టరు. స్వాతంత్ర్యోద్యమంలో దిగి 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు, తర్వాత మధ్యప్రదేశ్ గవర్నరయ్యాడు. 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆయన ఆంధ్రా బ్యాంకును బందరులో ప్రారంభించాడు. పంట చేతికొచ్చేదాకా అప్పుల కోసం వడ్డీవ్యాపారుల గుమ్మాల దగ్గర నిలబడే జిల్లాలో ఇది చిన్న పని కాదు. బీమా కంపెనీ కూడా ఆయన ఇక్కడే నెలకొల్పాడు. బ్యాంకు ప్రధాన కార్యాలయం తర్వాత హైదరాబాదు చేరింది, 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినందుకు బాధపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. చాలా తెలుగు ఇళ్లలో మొదటి పాసుపుస్తకం ఆ బ్యాంకుదే.

ఒక పత్రిక, ఒక కళాశాల, ఒక జెండా

1902లో మొదలైన ‘కృష్ణాపత్రిక’ బందరుదే. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దానికి సంపాదకుడు. ఆయన సంపాదకీయం కోసం ఎదురుచూసిన తరం ఒకటుంది.

1910లో కోపల్లె హనుమంతరావు ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టాడు. సర్కారు చదువు కాకుండా చేతిపనీ కళలూ నేర్పే చదువు కావాలన్నది ఆయన పట్టుదల. బెంగాలు నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి ఇక్కడ చిత్రకళ నేర్పాడు. ఆయన దగ్గర నేర్చిన అడివి బాపిరాజు తర్వాత ఇదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యాడు. జాతీయ పతాకం రూపకర్త పింగళి వెంకయ్య పుట్టింది ఈ ప్రాంతంలోని భట్లపెనుమర్రులో. ఆయనా ఈ కళాశాలలో పనిచేశాడు. దేశానికో జెండా ఉండాలంటూ రకరకాల నమూనాలతో ఆయన 1916లోనే పుస్తకం వేశాడు. 1921లో బెజవాడలో గాంధీజీ చేతికి జెండా ఇవ్వడానికి అయిదేళ్ల ముందు మాట అది.

హిందూ హైస్కూలులో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తెలుగు పాఠం చెప్పిన రోజుల్లో ఆయన ముందు కూర్చున్న పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నాడు, పింగళి లక్ష్మీకాంతం ఉన్నాడు, కాటూరి వెంకటేశ్వరరావు ఉన్నాడు. ఒక్క బడిలో, ఒక్క గురువు దగ్గర!

తెలుగు సినిమాకు తాత

తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య బందరులో పుట్టినవాడే. మద్రాసు వెళ్లి ఫొటోస్టూడియో నడిపి, విదేశాల నుంచి యంత్రం తెప్పించుకుని బర్మా, సింహళాలు తిరిగి జనానికి బొమ్మలు చూపించాడు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు. 1921లో ఆయన కొడుకు ప్రకాశ్ ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. వెంకయ్య సోదరుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు సంఘసంస్కర్త, మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరు. ఒకే ఇంటినుంచి ఇద్దరూ రెండు దారుల్లో అంతెత్తు ఎదిగారు.

చిలకలపూడి మెరుపు

పెళ్లిలో మెరిసే హారాలన్నీ బంగారమే కానక్కర్లేదు. రాగి, ఇత్తడి మీద పలచటి బంగారు పూత పూసిన రోల్డుగోల్డు నగలకు బందరు పక్కనున్న చిలకలపూడి పుట్టిల్లు. డై కొట్టడం, అతకడం, రాళ్లు పొదగడం, మెరుగుపెట్టడం, పూత పూయడం ఒక్కోటి ఒక్కో ఇంట్లో సాగుతుంది. ఆడవాళ్ల చేతులమీదుగా జరిగే పని ఎక్కువ. గొలుసు మెడలో పడేలోపు ఎన్నో గుమ్మాలు దాటి వస్తుంది. చిలకలపూడి అంటే భక్తులకు పాండురంగడి గుడి కూడా. కార్తిక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానం చేసి స్వామిని చూసి వెళ్లే జనంతో దారులన్నీ నిండిపోతాయి. మంగినపూడి తీరంలో తెల్ల ఇసుక కోసం వెతక్కండి, అక్కడిది నల్లమట్టి.

మళ్లీ రేవు

గిలకలదిండి హార్బరు నుంచి చేపల పడవలు ఎప్పుడూ ఆగలేదు గానీ సరుకు ఓడల మాట బందరులో చాలాకాలం పాతమాటగానే ఉండిపోయింది. 2023లో తపసిపూడి దగ్గర కొత్త రేవు పనులు మొదలయ్యాయి. అలల్ని అడ్డుకునే రాతిగోడలు, ఓడలు రావడానికి లోతుగా తవ్విన దారి ఉంటాయి. 1611లో ‘గ్లోబ్’ వచ్చినప్పుడు ఇవేవీ లేవు. రేవు తెరుచుకున్న రోజున ఎక్కే సరుకులో బొగ్గూ ఎరువులతో పాటు పెడన గుడ్డ మూట ఒకటైనా ఉండాలని నాకు గట్టి కోరిక.